పుస్తకాల కోసం కట్టిన ఇల్లు

ఇల్లు కట్టేటప్పుడు మనోళ్లు మొదట దేనికి చోటు చూస్తారు? పొయ్యికి, దేవుడి పటానికి, ఇప్పుడైతే టీవీకి. బాబాసాహెబ్ పుస్తకాలకు చూశాడు.

1917లో బరోడాలో ఆయనకు గది అద్దెకిచ్చే నాథుడే లేడు. పేరు మార్చుకుని పార్శీ సత్రంలో దిగితే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆ ఏడే లండన్ నుంచి ఓడకెక్కించిన పుస్తకాలు యుద్ధంలో సముద్రం పాలయ్యాయి. తర్వాత బొంబాయి పరేల్ చాల్‌లో, రెండు గదుల్లో ఏళ్ల తరబడి సంసారం.

ఆ మనిషే 1930ల మొదట్లో దాదర్‌లో సొంత ఇల్లు కట్టాడు. అదీ ఎక్కడ? హిందూ కాలనీలో! బుద్ధుడు తిరిగిన మగధ రాజధాని పేరు పెట్టుకున్నాడు, రాజగృహ అని. కింద కుటుంబం, మేడ మీద గ్రంథాలయం. ఆ పుస్తకాల వెనక తల్లి రమాబాయి పస్తులున్నాయి. కొత్త ఇంట్లో ఆమె ఎన్నాళ్లో బతకలేదు, 1935 మే 27న అక్కడే కన్నుమూసింది. ఇది చెప్పకుండా రాజగృహ గురించి గొప్పగా మాట్లాడితే అన్యాయం.

ఇక మన వాడల సంగతి. కాలనీ ఇళ్లల్లో అలమర ఉండదు. పిల్లల పుస్తకాలు బియ్యం సంచుల మీద పడుంటాయి. అంబేద్కర్ భవనాలకు చాలాచోట్ల తాళమే, తీస్తే పెళ్లి గిన్నెలు, విరిగిన కుర్చీలు. అన్నలారా, అక్కలారా, ఏప్రిల్ 14న దండలకూ మైకుకూ పెట్టే డబ్బులో సగం ఈసారి ఒక బీరువాకి పెట్టండి. ఆ తాళంచెవి మాత్రం పెద్దమనుషుల మొలతాడుకి కట్టకండి. వాడలో చదువుకుంటున్న ఆడపిల్ల చేతికివ్వండి.