ఫీజు కట్టారా?

మా మదనపల్లెలో ఫీజు అనే మాటకు రెండు అర్థాలు. కాలేజీలో కట్టేది ఒకటి. ఇంట్లో దీపాలు ఆరిపోతే కట్టేది రెండోది. ఆ రెండోది ‘ఫ్యూజు’ అని తెలుగు అయ్యవారిగా నేను సవరించబోతే ఎలక్ట్రీషియన్ నవ్వుతాడు. మాట సంగతి అలా ఉంచండి. దాన్ని పట్టించుకోనందుకు మా బావ కొద్దిలో తప్పించుకున్నాడు.

ఆయనది పుంగనూరులో తాతలనాటి మిద్దె. ఒకరాత్రి వంటింట్లో దీపం వెలగలేదు. బల్బు మాడిందనుకుని, స్విచ్చు ఆపకుండానే ఇనప కుర్చీ ఎక్కి, తడిగోడకు ఒక చేయి ఆనించి రెండో చేత్తో హోల్డరు పట్టుకున్నాడు. మరుక్షణం కింద ఉన్నాడు. మణికట్టు విరిగింది, ప్రాణం దక్కింది.

“దీపమే వెలగలేదే, కరెంటు ఎక్కడిదిరా?” అని మా అక్క ఏడుపు.

మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ చెప్పాడు: “పాత ఇళ్ళలో రెండు తీగలకూ చెరొక ఫీజు పెట్టేవాళ్ళు సార్. న్యూట్రల్ ఫీజు పోయింది. దీపం ఆరిపోతుంది గాని, ఫేజులో కరెంటు హోల్డరు దాకా ఉండనే ఉంటుంది.”

ఇక ఫేజు ఫీజు మాటిమాటికీ పోతోందని బావ దానికి లావుపాటి రాగితీగ చుట్టి ఉన్నాడు. ఇల్లు అంటుకున్నా అది కరగదు!

ఫీజు గాని, ఇప్పటి ఎం.సి.బి. గాని కాపాడేది తీగను, మనిషిని కాదు. దీపాల లైనుకు మామూలుగా 6 ఆంపియర్ల ఎం.సి.బి. పెడతారు. అందులో నూరోవంతు గుండె మీదుగా పోయినా మనిషికి ప్రాణగండమే. ఆ కొద్దిపాటిని పసిగట్టేది ఆర్.సి.సి.బి. వెళ్ళిన కరెంటంతా తిరిగి వచ్చిందా అని అది జమాఖర్చు చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందా, కనురెప్పపాటులో లైను తెంచేస్తుంది. అయితే ఫేజూ న్యూట్రలూ రెండూ ఒకేసారి పట్టుకున్నవాణ్ణి అది కాపాడలేదు. దాని లెక్కలో అతడూ ఒక బల్బే.

బావ ఇంట న్యూట్రల్ ఫీజు తీయించి, ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. రెండూ పెట్టించాం.

తరవాత ద్రావిడ విశ్వవిద్యాలయంలో పనిబడి కుప్పం వెళ్ళి, మిత్రుడి ఇంట దిగాను. కొత్త ఇల్లు; ఆర్.సి.సి.బి. ఉంది. కాని గీజరు వేసినప్పుడల్లా ఇల్లంతా చీకటవుతోందని, దాన్ని తప్పించి తీగలు కలిపించాడట! గీజరులోంచి కరెంటు కారుతోందని ఆ పరికరం మొత్తుకుంటే, కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టినట్టయింది. చెప్పాను, గీజరు బాగుచేయించాడు.

పరులకు నీతులు చెప్పి మదనపల్లె చేరాక, మా ఇంటి ఆర్.సి.సి.బి. మీద ‘టెస్ట్’ బొత్తాం నొక్కి చూశాను. దీపాలు నిక్షేపంగా వెలుగుతూనే ఉన్నాయి! ఎనిమిదేళ్ళుగా ఎవరూ నొక్కని బొత్తాం. కాపలావాడు ఎప్పుడో నిద్రపోయాడు.

కొత్తది వేయించాను. ఇప్పుడు నెలకొకసారి, ఒకటో తేదీన నొక్కుతాను. మొన్న నొక్కగానే ఇల్లంతా చీకటి.

“ఏమండీ, ఫీజు పోయిందా?” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

“లేదు, ఈ నెలది కట్టేశాను” అన్నాను.