సౌండంటే ఏం సౌండు?

కారు కింద సౌండు వస్తే మనం మొదట చేసే పని పార్టు మార్చడం. మేమూ అదే చేశాం, రెండు విడతల్లో 16,000 రూపాయలు పెట్టి. సౌండు మాత్రం పోలేదు. "బయటి పార్టులు వద్దురా అంటే విన్నావా?" అని నాన్న రోజూ ఒకసారైనా అనేవాడు. షోరూమ్ రేటు చూసి భయపడి, ఆన్‌లైన్లో వెతికి, సగం ధరకి వేరే కంపెనీవి తెప్పించింది నేనే మరి.

మాది 2013 మోడల్ డీజిల్ కారు. ఇల్లు రేపల్లెలో, కాలేజీ బాపట్లలో. బాపట్ల నుంచి 216 హైవే మీద వస్తున్నంతసేపూ కారు బుద్ధిగా ఉంటుంది. రేపల్లె దాటి తెనాలి వైపు తిరిగితే మొదలు. మన డెల్టా నల్లరేగడి సంగతి తెలిసిందేగా, వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాని మీద వేసిన తారు రోడ్డు కూడా అలలు అలలుగా అవుతుంది. అలల కోసం సూర్యలంక దాకా వెళ్ళక్కర్లేదురా అంటాడు నాన్న.

మొదట ఒక గ్యారేజీలో ముందువైపు లింక్ రాడ్లూ, షాక్ అబ్జార్బర్లూ ఒకేరోజు మార్పించాం. సౌండు వచ్చింది. అయితే లోయర్ ఆర్మ్‌లు అన్నారు. అవీ మార్చాం. మళ్ళీ సౌండు. చక్రం ఊడిపోతుందేమోనని అమ్మ కారెక్కడం మానేసింది. నవ్వకండి. కింద బాల్ జాయింటు బాగా అరిగి విడిపోతే ముందు చక్రం నిజంగానే పక్కకి ఒరిగిపోతుంది. మా సౌండు అదో కాదో మాలో ఎవరికీ తెలీదు, అదీ భయం.

చివరికి తెనాలిలో, కాలవ పక్కన ఒక చిన్న షెడ్డుకి వెళ్ళాం. మెకానిక్ పెద్దాయన. నేను వీడియోలు చూసి నేర్చుకున్న పేర్లన్నీ అప్పజెప్పా. స్ట్రట్ మౌంటు, స్టెబిలైజర్ బుష్, ఇంకా ఏవేవో. ఆయన మధ్యలో ఆపి, "అదంతా నేను చూసుకుంటాలే అబ్బాయ్, సౌండంటే ఏం సౌండు?" అన్నాడు.

"సౌండే బాబాయ్, కింద నుంచి."

ఇంగ్లీష్ మీడియంలో పన్నెండేళ్ళు చదివి నేను చెప్పగలిగింది అది. పక్కనున్న నాన్న, ఒక్క పార్టు పేరు కూడా తెలియని మనిషి, అందుకున్నాడు. "ముందు గతుకుల్లో కటకటలాడేదండి. ఇప్పుడు అట్లా కాదు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఒక్కసారే టప్పుమంటది. ఆగి స్టీరింగు తిప్పినా అంతే."

అంటే మొదటి సౌండు ఎప్పుడో పోయింది! కటకట లింక్ రాడ్లతో పోయింది, టప్ షాక్‌లు మార్చినరోజు పుట్టింది. రెండిటికీ నేను "సౌండు" అని ఒకే పేరు పెట్టా కాబట్టి మూడు నెలలు ఒకటే అనుకున్నాం. ల్యాబ్‌లో ఏ ఎర్రర్ వచ్చినా "రావట్లేదు సార్" అనే బ్యాచ్ కదా మనం.

ఆ రోజు ఆయన దగ్గర విన్నవి చెప్తా. కటకట అంటే చిన్న జాయింటేదో వదులై వరసగా కొట్టుకుంటోందని. కిర్రుకిర్రు అంటే రబ్బరు రాసుకుంటోంది. రబ్బరు తీసేసి పాలీయురెథేన్ బుష్‌లు వేయించి, సరైన గ్రీజు పెట్టకపోయినా అదే పాట. ఒక్కసారే టప్ అంటే ఎక్కడో ఖాళీ ఉంది, బరువు మారినప్పుడు ఇనుము ఇనుము మీద పడుతోంది. స్పీడుతోపాటు పెరిగే హోరు అయితే సస్పెన్షన్ వదిలేసి వీల్ బేరింగు చూసుకోవాలి.

అలాగని మాట విని పార్టు చెప్పెయ్యలేదు ఆయన. ముందు లింక్ రాడ్లు రెండూ విప్పి, మెల్లగా ఒక రౌండు వేశాడు (అవి లేకపోతే మలుపుల్లో బండి ఎక్కువ వాలుతుంది, మీరు ట్రై చెయ్యకండి). టప్ అలాగే ఉంది, కాబట్టి లింకులు కావు. జాకీ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు, పక్కలు పట్టుకుని ఊపాడు, కడ్డీ పెట్టి ఆర్మ్‌ని ఎత్తి చూశాడు. బాల్ జాయింటు, టైరాడ్ ఎండు గట్టిగానే ఉన్నాయి. కిందకి దించి, బానెట్ తెరిచి, ఎడమ షాక్ పైకొన మీద నా చెయ్యి పెట్టించి, నాన్నని స్టీరింగు తిప్పమన్నాడు. టప్ అన్న దెబ్బ నా వేళ్ళకి తగిలింది. లోపల కూర్చుంటే ఎప్పుడూ కుడివైపు నుంచి వినిపించేది! ఇనుప బాడీలో శబ్దం ఎటైనా పాకుతుందట.

షాక్ బిగించినప్పుడు పై నట్టుని గన్నుతో తిప్పేశారు. నట్టుతోపాటే లోపలి రాడ్డు కూడా తిరిగిపోయి, నట్టు పూర్తిగా దిగలేదు. ఆయన రాడ్డుని కదలకుండా పట్టి, రింగ్ పానాతో బిగించాడు. అంతే. ఇంకో పని కూడా చేశాడు. లోయర్ ఆర్మ్ బోల్టులు వదులు చేసి, చక్రాలు నేలకి ఆనాక మళ్ళీ బిగించాడు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ పొజిషన్లోనే పట్టుకుపోతుంది. బండి దించగానే మెలిపడి, ఆ మెలితోనే తిరిగి తొందరగా చిరుగుతుంది. చిరిగాక మనం తిట్టేది మళ్ళీ బయటి పార్టునే.

బయటి పార్టులన్నీ డూప్లికేట్లు కావు. గాబ్రియేల్, రానే లాంటివాళ్ళు కార్ల కంపెనీలకీ సరఫరా చేస్తారు, బయట షాపులకీ అమ్ముతారు. నకిలీ డబ్బాలూ ఉన్నాయి, కాదనను. కానీ తప్పు పార్టుదో బిగింపుదో తెలియాలంటే ఎవరో ఒకరు తీరిగ్గా వినాలి, వెతకాలి. దానికి టైమ్ పడుతుంది. "మిగతావాళ్ళు ఇంతసేపు ఎందుకు చూడరు బాబాయ్?" అనడిగా.

"చూసినందుకు డబ్బులెవరిస్తారు అబ్బాయ్? మార్చినందుకైతే ఇస్తారు."

నా కోపం అక్కడితో ఆ మొదటి గ్యారేజీ మీద సగం పోయింది, మా మీదకి వచ్చింది. గంటన్నర వెతికి ఏమీ మార్చనివాడి చేతిలో వంద పెట్టి వచ్చేస్తాం. అరగంటలో పార్టు మార్చినవాడికి మారుమాట లేకుండా బిల్లు కడతాం. ఇంక ఎవరైనా ఎందుకు వెతుకుతారు? నేనైనా మార్చేవాణ్ణే. బండి అప్పజెప్పేముందే "సౌండు పట్టినందుకు ఇంత, మార్చడం సంగతి తర్వాత" అని మాట్లాడుకుని ఉంటే, కనీసం ఆ లోయర్ ఆర్మ్‌ల డబ్బులు మిగిలేవి. నా సెమిస్టర్ పరీక్ష ఫీజు దాంట్లో వచ్చేది.

ఆయన 300 అడిగాడు. నేను 500 ఇచ్చా. తిరిగొస్తూ రైలు పట్టాలు దాటేటప్పుడు నాన్న అలవాటుగా బ్రేకు మీద కాలేశాడు. టప్ రాలేదు. ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోంచే అడిగింది.

"సౌండు పోయిందా? ఏం పార్టు వేశాడు?"

"ఏం వెయ్యలేదమ్మా."

"ఏమీ వెయ్యకుండానే ఐదొందలు తీసుకున్నాడా!"