డోలు చేసిన పనికి గిటారుకు పేరా?

సెనెగల్ ఎంబలాఖ్ సంగీతం మీద రాసేవాళ్లు ఒకే కథ వల్లె వేస్తుంటారు. పల్లెటూరి డోళ్లకు డాకర్ నగరంలో ఎలక్ట్రిక్ గిటారు తోడైందట, దాంతో పాత ఆట కాస్తా ఆధునికమైందట. శుద్ధ తప్పు. జరిగింది దీనికి తలకిందులు.

1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి డాకర్ క్లబ్బుల్లో మోగుతున్నది క్యూబా సంగీతం. ఇబ్రా కాస్సే నడిపిన మియామీ క్లబ్బులో స్టార్ బ్యాండ్ వాళ్లు స్పానిష్ పాటలు పాడేవాళ్లు. గిటార్లూ సాక్సఫోన్లూ అప్పటికే దండిగా ఉన్నాయి. 1970లలో సబార్ డోళ్లు, చంకలో బిగించి నొక్కుతూ వాయించే తమా వేదిక మీద ముందుకొచ్చాకే ఎంబలాఖ్ పుట్టింది. యూసూ ఎన్‌డూర్ గొంతు గొప్పది, ఎవరు కాదన్నారు? కానీ ఆయన సూపర్ ఎత్వాల్ బృందంలోంచి అసాన్ చామ్ తమానీ, ఎంబాయ్ జియే ఫాయ్ సబార్‌నీ తీసేసి వినండి. అదే బృందంలోని హబీబ్ ఫాయ్ కీబోర్డు మీదికి తెచ్చింది కూడా డోలు దరువులే!

సబార్ డోళ్లకు ఆడే ఆటలో వాద్యకారుడికి ఒక చేతిలో సన్నటి కర్ర, రెండోది ఉత్త చెయ్యి. గుంపులోంచి ఒకామె ఒక్క ఉదుటున వలయంలోకి దూకుతుంది. ముఖ్య వాద్యకారుడి చూపు ఆమె కాళ్ల మీదే. ఎగిరిన పాదం నేలకు తగిలేసరికి దెబ్బ పడాలి, రెప్పపాటు ఆలస్యమైనా ఆట చెడినట్టే. ఈ విద్య గెవెల్ అనే వంశపారంపర్య కళాకారుల కుటుంబాల్లో తరాలుగా వస్తోంది. 'బాక్' అనే దరువు వరసలు వాళ్లు స్వయంగా కూర్చుకున్నవి. వాటినే పాటల్లోకి తెచ్చుకున్నాయి ఎంబలాఖ్ బృందాలు.

మరి ఆ పాటల మీద హక్కుల లెక్క దగ్గర ఏమవుతోంది? మాటలు రాసినవాడు రచయిత, రాగం కట్టినవాడు స్వరకర్త. దరువు కూర్చినవాడి వంతు వచ్చేసరికి మాత్రం అది జానపదం, అందరి సొత్తు! 2015లో కన్నుమూసిన డూడూ ఎన్‌డియాయ్ రోజ్ జీవితమంతా కొత్త దరువులు కూర్చాడు, పదులమంది వాద్యకారుల్ని ఒక్క కర్ర ఊపుతో నడిపించాడు. ఆయన స్వరకర్త కాకపోతే ఇంకెవరు?

ఊరూపేరూ లేని సంప్రదాయం అనే మాట ఇక మానండి. బాక్ కూర్చిన మనిషి పేరు, అతని కుటుంబం పేరు రికార్డు మీద స్వరకర్తల వరసలోనే వెయ్యండి. పాట సంపాదించిన ప్రతిసారీ వాళ్ల వాటా వాళ్లకు లెక్కగట్టి ఇవ్వండి.