ఎలియట్ దొర: మేలు, కీడు

సర్ వాల్టర్ ఎలియట్ అమరావతి శిల్పములను కాపాడిన పుణ్యాత్ముడా, ఆంధ్రుల సొత్తును సముద్రము దాటించిన పరదేశియా? ఈ వాదము నేటికిని తెగలేదు. రెండు మాటలందును కొంత సత్యము కలదు.

ఆయన చేసిన మేలు మరువరానిది. కుంఫిణీ కొలువున ధారవాడ ప్రాంతమందుండి కన్నడదేశపు శాసనములకు వందలకొలది నకళ్లు వ్రాయించెను. తెలుగు మొక్కల పేర్లు సేకరించి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ను ప్రకటించెను. పురావస్తు పరిశోధన ఆయనకు వృత్తి కాదు, వ్యాసంగము.

1845లో ఆయన అమరావతి స్తూపమును త్రవ్వించెను. అంతకు ఇంచుమించు ఐదు దశాబ్దములకు ముందే, వాసిరెడ్డి వేంకటాద్రి నాయని కాలమున, కట్టడములకై అచ్చటి రాళ్లు తరలిపోయినవి. కావున నేరమంతయు పరదేశిపై మోపుట న్యాయము కాదు. ఎలియట్ వెలికితీసిన పలకలు చెన్నపట్టణమున ఏండ్ల తరబడి ఆరుబయట పడియుండెను. 1859లో నూరుకు పైబడిన శిల్పములను లండనుకు ఓడనెక్కించిరి. అచ్చటను అవి బండ్లకొట్టమున మూలబడియుండగా, 1867లో ఫెర్గుసన్ పండితుడు వాని విలువను గుర్తించెను. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి.

అయితే ఓడనెక్కించుటకంటె పెద్ద లోపము వేఱొకటి కలదని మా అభిప్రాయము. ఏ పలక స్తూపమునకు ఏ దిక్కున, ఏ వరుసలో దొరకెనో తెలుపు సమగ్రమైన పటమును ఎలియట్ మిగిల్పలేదు. లండనులోని శిల్పములు తిరిగి రావలెనని కోరుట న్యాయమే. అవి ఒకనాటికి రావచ్చును. గుర్తు వ్రాసికొనక పెకలించిన రాతికి దాని చోటు మాత్రము తిరిగి రాదు.

ఈ పాఠము మనకు మిక్కిలి అవసరము. తమిళ, కన్నడ దేశములలోని దేవాలయములందు తెలుగు శాసనములు పెక్కు కలవు. మనవారు ఈ సీమలలో ఎంతకాలముగా నున్నారో చెప్పు సాక్షులవి. జీర్ణోద్ధరణ వేళ అట్టి రాళ్లకు సున్నము పూయుటయు, గడపక్రింద వేయుటయు కలదు. ధర్మకర్తలైన మనవారు రాయి కదలకముందే దాని స్థానమును వ్రాయించి, ఛాయాచిత్రము తీయించి, శాసన శాఖకు తెలుపవలెను. అది చేయనివారికి ఎలియట్ దొరను నిందించు హక్కు లేదు.