మందాకుల మహిమ - పరీక్షావశ్యకత

ఆషాఢమాసమున మునగాకు వండుకొని తినుట మన యిండ్లలో పూర్వాచారము. నేడా యాకే పొడియై, సీసాల కెక్కి, "యాంటీ ఆక్సిడెంటుల గని, సర్వరోగహారి" యను ప్రకటనలతో అంగళ్ళలో అమ్ముడగుచున్నది. ఇందు సత్యమెంత, అతిశయోక్తి యెంత యని విచారింపవలసియున్నది.

దేహము ప్రాణవాయువును వినియోగించుకొనునపుడు ఫ్రీ రాడికల్స్ అను చంచలాణువులు పుట్టుచుండును. అవి మితిమీరిన జీవకణములకు హాని కలుగును. వానిని శమింపజేయు పదార్థములే యాంటీ ఆక్సిడెంటులు. మునగాకున క్వెర్సెటిన్, క్లోరోజెనిక్ ఆమ్లము, సి విటమిన్ మున్నగునవి కలవు. ఆకురసమును డీపీపీహెచ్ అను ఊదారంగు ద్రావణమున కలిపినచో ఆ రంగు విరిగి పసుపువన్నె యగును. ఇంతవరకు నిజమే. కాని గాజుగొట్టమున రంగు మారుట వేరు. రోగి మంచము దిగుట వేరు.

ఫిన్లండులో పొగత్రాగు 29,133 మంది పురుషులపై జరిగిన పరిశోధన 1994లో వెలువడినది. యాంటీ ఆక్సిడెంటుగా పేరొందిన బీటా కెరోటిన్ మాత్రలు మ్రింగినవారికి మేలు మాట యటుండ, ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కినవారికంటె నూటికి 18 వంతులు హెచ్చుగా కనబడినది. మంచిదని పేరుపడిన దెల్ల మందు కాజాలదనుట కింతకంటె నిదర్శన మేల?

ఆకులయందు ఔషధశక్తి లేదని మేమనుట లేదు. మన వైద్యులు దగ్గునకు వాడిన అడ్డసరపాకులోని వాసిసిన్ ఆధారముగనే బ్రోమ్‌హెక్సిన్ అను కఫహరమైన మందు తయారైనది. మన మాచిపత్రి జాతికే చెందిన చైనామొక్క ఆకులనుండి మలేరియా మందును 1972లో సాధించిన టు యూయూ అను విదుషీమణికి 2015లో నోబెల్ బహుమానము లభించినది. విచిత్రమేమనగా, ఆ మందు మలేరియా క్రిమిని చంపునది చంచలాణువులను శమింపజేసి కాదు, పుట్టించియే! ఆకు గుణము నొక్క మాటలో ఇముడ్చుట యెంత పొరపాటో దీనివలన తెల్లమగుచున్నది.

వేపనూనెపై ఐరోపాలో పరు లందుకొన్న పేటెంటును మనవా రెదిరింపగా 2000లో రద్దయినది. 2005లో ఆ తీర్పే స్థిరపడినది. ఆస్తిని కాపాడుకొంటిమి, సంతోషము. కాని కాపాడుకొన్న దానిని పరీక్షించి లోకమునకు నిరూపింపవలసిన భారమును మనదే కదా? ఏ యాకు, ఏ రోగమునకు, ఎంత మోతాదున, ఏ దోషము లేకుండ పనిచేయునో రోగులయందే శాస్త్రీయముగ పరీక్షించి, ఫలితము అనుకూలమైనను ప్రతికూలమైనను ప్రభుత్వము ప్రకటింపవలయును.

అంతదనుక మునగాకును కూరగా భుజింతము గాక. దానిని నమ్మి మధుమేహమునకో, రక్తపుపోటునకో వైద్యు డిచ్చిన మందును మానుట మాత్రము ప్రాణాపాయమని పాఠకులకు విన్నవించుచున్నాము.