నేర్చుకోను కొనే కారు వేరు, మురిపానికి కొనే కారు వేరు



మన పిల్లలు కారు రిపేరు నేర్చుకోను సంఘం తరఫున ఒక పాత కారు కొందామనే మాట గ్రూపులో నడుస్తా ఉంది. మంచి మాట. అయితే ఏ కారు అనే దగ్గర రెండు పక్షాలయ్యాయి. కొందరు అంబాసిడర్ అంటారు. కొందరు మన తిరువళ్లూరులోనే తయారైన లాన్సర్ అంటారు. నేను రెండూ వద్దంటాను. కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 కొందాం, మిగిలిన డబ్బు పనిముట్లకు పెడదాం. ఎందుకో చెబుతాను. కాస్త పొడుగు రాత, ఓపిగ్గా చదవండి.

ముందు, ఈ కారు మనకెందుకు? మన చుట్టూ ఎన్ని కార్ల ఫ్యాక్టరీలో చూడండి. తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల చోటులో ఇప్పుడు సిట్రోయెన్ కార్లు వస్తున్నాయి. అటు ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్. ఇటు ఆంధ్రా సరిహద్దు దాటితే శ్రీసిటీలో ఇసుజు. ఇట్లాంటి ఫ్యాక్టరీల్లోకి మనోళ్ల పిల్లలు కాంట్రాక్టు మీద పోతారు. లైన్లో నిలబడి రోజంతా ఒకే చోట అవే నాలుగు బోల్టులు బిగిస్తారు. కాంట్రాక్టు అయిపోతే ఇంటికి వస్తారు. కార్లు పుట్టే ఊళ్లో పుట్టి, బానెట్ తెరిస్తే లోపల ఏముందో తెలియని పిల్లలు! ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల కోర్సు ఉంది, దానికి పోయేవాళ్లు తప్పక పోవాలి. మన కారు దానికి బదులు కాదు. పోకముందు చెయ్యి అలవాటు చేసుకోను, పోయొచ్చినాక మరిచిపోకుండా ఉండను.

నేను రైల్వేలో గుమాస్తాగా చేసిన వాణ్ణి, ఫిట్టర్‌ని కాను. కానీ ఇండెంట్లు, బిల్లులు ఏళ్ల తరబడి చూసిన కళ్లకు ఒకటి తెలుసు. బండి నెలల తరబడి ఆగిపోయేది పెద్ద భాగం విరిగినందుకు కాదు, చిన్న భాగం దొరకనందుకు. నేర్చుకునే కారుకు ఇదే మొదటి పరీక్ష. పిల్లోడు ఆదివారం ఒక రబ్బరు సీలు చింపితే, మళ్లీ ఆదివారానికి కొత్తది చేతికి రావాలి. రాకపోతే రెండు వారాలకు ఒక్కడూ రాడు. కారు మీద కోళ్లు పండుకుంటాయి.

అంబాసిడర్ అంటే నాకూ ప్రేమే. కానీ ఉత్తరపారాలో దాని తయారీ 2014లోనే ఆగిపోయింది. పాత అంబాసిడర్ ఇంజన్ బ్రిటిష్ వంశం, బోల్టులకు అంగుళాల కొలత స్పానర్లు కావాలి. ఆ స్పానర్లు పిల్లోడికి రేపు ఏ షెడ్డులోనూ పనికిరావు. ఇక లాన్సర్. 1998లో అది మన ఊరి నుంచి బయటికి వచ్చిందంటే గర్వమే. అయితే దాని స్పేర్లు వెతికి తెచ్చుకోవాలి, దొరికినా ఖరీదు. గర్వాన్ని గోడ మీద ఫొటో కట్టి పెట్టుకుందాం.

మారుతి 800 అట్లా కాదు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా ముప్పై ఏళ్లు తయారైన బండి. 796 సీసీ, మూడే సిలిండర్లు. బానెట్ తెరిస్తే చెయ్యి పెట్టను జాగా ఉంటుంది. కార్బురేటర్ ఉన్నదైతే పెట్రోలు ఎట్లా వస్తుంది, గాలి ఎట్లా కలుస్తుంది, నిప్పు ఎక్కడ పడుతుంది అనేది కంటితో చూపించి చెప్పొచ్చు. స్పేర్లు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి. లేకుంటే తిరుత్తణిలో ట్రైనెక్కి చెన్నై పోతే పుదుపేట ఉండనే ఉంది.

కొనేటప్పుడు కాయలాంకడకు పోయే కారు చవకని తేవద్దు. తనకు తానుగా స్టార్టయ్యి, నడిచే కారే కొనాలి. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పోయి స్టార్ట్ చేసి చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతా ఉందని. ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటిది కనిపిస్తే నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. మ్యాట్లు ఎత్తి నేల తుప్పు చూడాలి. ఇంజన్ ఎన్ని పనులైనా నేర్చుకుంటా చెయ్యొచ్చు, తుప్పు పట్టిన అడుగు మనవల్ల కాదు.

కాగితాలు ఇంకా ముఖ్యం. ఆర్‌సీలో ఉండే ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద సరిపోవాలి. ఫైనాన్సు బాకీ కొట్టేసి ఉండాలి. నగరి, పుత్తూరు పక్కన చవకగా ఏపీ బండి దొరుకుతుంది, నిజమే. కానీ దానికి ఎన్‌ఓసీ తేవాలి, తమిళనాడు పన్ను కట్టాలి, చవక అక్కడే పోతుంది. టీఎన్ 20 బండే చూద్దాం. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి రిన్యూవల్. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. మనం కొనేది ఆ వయసు బండే. అందుకని రిన్యూవల్ ఇప్పటికే చేయించి, ఇంకా రెండు మూడేళ్లు మిగిలి ఉన్నది వెతకాలి. రోడ్డెక్కించకుండా కాంపౌండులో పెట్టుకుంటే చాలదా అంటారు. నడిపి చూడని రిపేరు సగం రిపేరే.

పనిముట్ల దగ్గర నా మాట ఒకటే. నూటెనిమిది ముక్కల మెరిసే పెట్టె వద్దు. మారుతికి ఎక్కువగా పడేవి 10, 12, 14, 17 నంబర్లు. వీటిలో రింగ్, ఓపెన్ స్పానర్లు, సాకెట్లు పేరున్న కంపెనీవి రెండేసి కొందాం. ప్లగ్ స్పానర్, ఫీలర్ గేజ్, మల్టీమీటర్, ఒక టార్క్ రెంచ్. నాసిరకం స్పానర్ నట్టు మూలలు అరగ్గొడుతుంది, చెయ్యి కోస్తుంది. అన్నిటికంటే ముందు కొనాల్సింది మంచి జాకీ, రెండు జతల స్టాండ్లు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఏ పిల్లోడూ దూరకూడదు. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకూడదు. ఈ రెండూ గోడ మీద తెలుగులో, తమిళంలో రాసి పెట్టాలి.

రేపంతా కరెంటు కార్లే కదా, ఇదంతా ఎందుకని ఒకరిద్దరు అడిగారు. కరెంటు కారుకూ బ్రేకులుంటాయి, స్టీరింగు, సస్పెన్షన్, బేరింగులు, వైరింగు ఉంటాయి. దాని పెద్ద బ్యాటరీ మీద చెయ్యి వేయను వేరే శిక్షణ కావాలి. ఆ శిక్షణలో కూడా స్పానర్ పట్టను తెలిసినవాడే ముందు అందుకుంటాడు. అరక్కోణం పక్క బొగ్గు ఇంజన్లు పోయి కరెంటు ఇంజన్లు వచ్చాయి, ఫిట్టర్ల అవసరం పోయిందా?

ఇంకొక్క లాభం. ఆదివారం తెలుగు క్లాసుకు రమ్మంటే మన పిల్లలు తప్పించుకుంటారు. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి ఇటు వచ్చినప్పటి నుంచి బడి తమిళం, ఇల్లు తెలుగు. ఇప్పుడు ఇంట్లోనూ తగ్గుతా ఉంది. కారు చుట్టూ పెద్దాయన, పిల్లోడు కలిసి నిలబడితే "అది ఇటియ్యి, ఇది గట్టిగా పట్టుకో" అని తెలుగు దానంతటదే వస్తుంది.

కాబట్టి వచ్చే మీటింగులో తీర్మానం ఇట్లా రాయమని కోరుతున్నాను: కారుకు ఎంత పెడితే, పనిముట్లకు, స్పేర్లకు అంత విడిగా తీసిపెట్టాలి. అంత లేకపోతే ఇంకా చవక కారు చూడాలి గాని పనిముట్లు తగ్గించకూడదు. షెడ్డు నడిపినవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు, వాళ్లను తీసుకుపోకుండా ఎవరూ అడ్వాన్సు ఇవ్వొద్దు. ఒప్పుకోనివాళ్లు కారణం కింద రాయండి, మీటింగుకు ముందే మాట్లాడుకుందాం.