గీత గీసినాక కోర్టు మెట్లెక్కితే ఏమొస్తుంది?

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

పాత కర్నూలు జిల్లాలో 14 అసెంబ్లీ సీట్లు, పాత కడపలో 10. ఈ 24లో ఎస్టీ సీట్లు ఎన్ని? సున్నా. సీమ మొత్తం 52 సీట్లలోనూ సున్నానే. రాష్ట్రంలో ఉన్న 7 ఎస్టీ సీట్లు పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. మరి ఈ రెండు జిల్లాల్లో లక్షన్నరకు పైగా ఉన్న సుగాలీలం, చెంచులం, ఎరుకలం, యానాదులం ఎవరి లెక్కలో ఉన్నట్టు?

"మీరు రెండు మూడు శాతమే, సీటెట్లా వస్తుంది?" అంటారు. 2002 డీలిమిటేషన్ చట్టం 9వ సెక్షన్ చూడండి. ఎస్సీ సీట్లను రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు పంచాలంటుంది. అందుకే నందికొట్కూరు, కోడుమూరు, బద్వేలు, రైల్వేకోడూరు ఉన్నాయి. వాళ్ల జనాభా మనకంటే చాలా ఎక్కువ, కాదనం. కానీ ఎస్టీల దగ్గరికొచ్చేసరికి 'పంచాలి' అనే మాటే లేదు. శాతం ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువో అక్కడే సీటు. తండాలుగా, గూడేలుగా చెదిరి బతికేవాళ్లకు ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుంది.

ఇంకో లెక్క. 2011 ప్రకారం ఇప్పటి ఏపీలో ఎస్టీలు ఐదున్నర శాతం దాకా ఉన్నారు. 175 సీట్లలో ఆ వాటా 9కి పైనే. ఉన్నవి 7. ఉమ్మడి రాష్ట్రానికి 2001 లెక్కలతో గీసిన గీతలే ఇంకా నడుస్తున్నాయి. ఏజెన్సీ అన్నదమ్ముల సీటు మాకొద్దు. రావాల్సిన ఆ మిగతా సీట్లలో సీమకు వాటా అడుగుతున్నాం.

పార్టీలు తమ లాభానికి హద్దులు గీసుకోవడాన్ని అమెరికాలో జెర్రీమాండరింగ్ అంటారు. 2019లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో, ఇది రాజకీయ ప్రశ్న, ఫెడరల్ కోర్టులు తేల్చేది కాదని చేతులెత్తేసింది. మన దగ్గర రాజ్యాంగమే 329వ అధికరణతో కోర్టును ఆపింది. గెజిట్‌లో వచ్చిన డీలిమిటేషన్ ఉత్తర్వు చట్టంతో సమానమని మేఘరాజ్ కొఠారి కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 2024లో బార్డోలీ కేసులో మాత్రం, ఉత్తర్వు మరీ ఏకపక్షంగా, రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉంటే జోక్యం చేసుకోవచ్చంది. అది సందు మాత్రమే, దారి కాదు. 2025 జులైలో ఏపీ, తెలంగాణ సీట్లు పెంచమన్న పిటిషన్‌నూ కొట్టేసింది. 2026 తర్వాతి మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా ఆగాలని రాజ్యాంగమే చెబుతోందంది.

అంటే కోర్టు మనల్ని కాపాడుతుందని కూర్చుంటే మునిగినట్టే. గీత గీయకముందే మాట్లాడాలి.

ఒకటి, చట్టం. 1952, 1962, 1972, 2002, ప్రతి విభజనకూ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. రాబోయేదాంట్లో చెదిరిన గిరిజనులకూ సీట్లు పంచేలా ఆ మాట మార్చాలని మన ఎంపీలను, ఎమ్మెల్యేలను నిలదీయాలి. 2002 చట్టంలో కమిషన్ పక్కన కూర్చున్నది రాష్ట్రానికి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు. వాళ్లకు ఓటు లేదు, నోరుంది. ఆ నోటితో మన మాట ఎవరు పలుకుతారో ముందే తేల్చుకోవాలి.

రెండు, లెక్కలు. జనగణనకు ప్రాతిపదిక 2027 మార్చి 1. అదే కాలంలో మనోళ్లు గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగుళూరుకు పనులకు పోయి ఉంటారు. బెంగుళూరులో లెక్కకొస్తే సుగాలి ఎస్టీ కాదు, కర్ణాటకలో ఎస్సీ. తండాలో ఒక్కొక్క పేరు తగ్గితే గీత ఇంకాస్త దూరం జరుగుతుంది. చదువుకున్నోళ్లం ఇంటింటికీ తిరిగి చెప్పాలి.

మూడు, అభ్యంతరాలు. కమిషన్ ముసాయిదా ప్రచురించి బహిరంగ విచారణ పెడుతుంది. ఏ మండలంలో ఎన్ని తండాలు, ఎంత జనం, ఏ హద్దు వాటిని చీలుస్తోందో కాగితం మీద పెట్టుకుని పోవాలి. ఉత్త నినాదాలతో పోతే ఒక సంతకం పెట్టించుకుని పంపిస్తారు.

"జనరల్ సీట్లో పోటీ చేయొచ్చు కదా" అనేవాళ్లకు ఒకటే జవాబు. ఏ పార్టీ టికెట్ ఇస్తుందో ముందు వాళ్లనే చెప్పమనండి.

మీ మండలం తండాల లిస్టు కింద కామెంట్లలో పెట్టండి. ఈ రోజు నుంచే మొదలుపెడదాం.